ఇంటికి రెండు కడవలు

నా సర్వీసులో ఎన్ని బావులు తవ్వించినానో నాకే గుర్తు లేదు. నేనే తవ్వించి, నేనే సగానికి పైగా పూడిపించిన బావి మాత్రం ఒక్కటే. ఇంజనీరింగు చదివే పిల్లలెవరైనా మా ఇంటికొస్తే కట్టిన వంతెనల గురించీ, వేసిన రోడ్ల గురించీ అడుగుతారు. నేను ఆ పూడిపించిన బావి గురించే చెబుతాను. పాపం, మొహమాటానికి వింటారు. మీరూ అట్టాగే వినండి, నాకేం అభ్యంతరం లేదు.

పందొమ్మిది వందల అరవైల మొదట్లో మాట ఇది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చేతిలో కొత్త సర్టిఫికెట్టు, కాళ్ళకు కొత్త చెప్పులు, తల నిండా పొగరు. బ్లాకాఫీసులో ఓవర్సీరుగా చేరి ఏడాది తిరగలేదు. ఊరూరా మంచినీళ్ళ బావి ఉండాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. వాకాడు దాటి సముద్రం వైపు పోతే ఇసుక దిబ్బల మధ్యలో చేపలు పట్టుకునే వాళ్ళ పాలెం ఒకటుంది. దాని బావి పని నా మెడకు పడింది.

మొదటిసారి అక్కడికి పోయింది మాఘమాసంలోనే అయినా ఎండ అప్పటికే మండుతోంది. చివరి మైలు సైకిలు నడవదు, ఇసుక. దాన్ని తోసుకుంటూ పోయేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది. మొదటి గుడిసె పంచలో ఒక అవ్వ వల అల్లుకుంటా కూర్చోనుంది. నన్ను చూసి లేచి, ఏమీ అడక్కుండానే లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. సగం గటగటా తాగినాను. మిగిలిన సగం కాళ్ళ మీద పోసుకుని ఇసుక కడుక్కున్నాను. పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఉండినారు. వాళ్ళు నా కాళ్ళకేసి చూసినారు, తర్వాత అవ్వకేసి చూసినారు. అవ్వ మాత్రం, ఇంకా కావాలా అయ్యా అని అడిగింది. కావాలన్నాను. ఇంకో చెంబు తెచ్చింది. నా చెప్పులు బాగున్నాయని చూస్తున్నారేమో అనుకున్నాను, నిజంగా.

ఆ పాలెం వాళ్ళు నీళ్ళెట్టా తెచ్చుకుంటారో మర్నాడు చూసినాను. రెండు దిబ్బల మధ్య పల్లంగా ఉండే చోటును అక్కడ దొరువు అంటారు. ఆ దొరువులో మోకాటి లోతు చెలమ. చెలమలో నీళ్ళు జానెడుంటే ఎక్కువ. ఒకామె కూర్చుని, కొబ్బరి చిప్పకు కర్ర తగిలించిన గరిటెతో పైపైన తేర్చి తేర్చి కడవ నింపుకుంటుంది. ఇంటికి రెండు కడవలు. ఒకామె రెండు నింపుకోగానే లేచి పక్కకు జరుగుతుంది. నీళ్ళు మళ్ళీ ఊరేదాకా తర్వాతామె కబుర్లు చెప్పుకుంటా కూర్చుంటుంది. పసిబిడ్డ ఉన్న ఇల్లు ముందు, జ్వరం ఉన్న ఇల్లు తర్వాత, ఆ తర్వాత మిగతావాళ్ళు. చెలమలో బొక్కెన వెయ్యడానికి లేదు. చుట్టానికి వంతు లేదు, చుట్టం ఎవరింటికొస్తే వాళ్ళ కడవలోంచే తాగాలి.

ఇదంతా చూసుకునేది ఆ అవ్వే. ఎవరూ ఆమెను పెట్టలేదు. ఆమెకు ముందు ఆమె అత్త చూసేదంట. తెల్లారగానే చెలమ దగ్గరకొచ్చి పుక్కిట్లో నీళ్ళు పోసుకుని కాసేపు ఊరుకుంటుంది. రుచి ఏ కాస్త మారినా ఆ చెలమను ఇసుకతో పూడ్చేసి, పది అడుగులు అవతల కొత్తది తవ్వమంటుంది. ఆమె మాటకు ఎదురు చెప్పినోళ్ళు లేరు.

నేనేం చేసినాను? జాలిపడినాను. ఇన్ని ఇళ్ళ ఆడవాళ్ళు పొద్దున్నించి గరిటె పట్టుకుని కూర్చున్నారే, వీళ్ళకు గిలకా బొక్కెనా పెట్టిస్తే ఎంత సుఖపడతారో అనుకున్నాను. జాలిపడుతుంటే చాలా హాయిగా ఉంటుంది, మీకూ తెలిసే ఉంటుంది. అవతలివాళ్ళను ఏమీ అడగాల్సిన పనుండదు.

బావి దించడానికి కోట అనే ఊరి వైపు నుంచి ఒక మేస్త్రి వచ్చినాడు. యాభై దాటినాయన, క్రైస్తవుడు, మాట తక్కువ. మొదటి సిమెంటు వర దించే ముందు తలపాగా తీసి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తా ప్రార్థన చేసుకునేవాడు. ఆ సీమలో ఆయన చెయ్యి పడని బావి లేదనేవాళ్ళు. ఆయన దించిన బావుల్లో ఎన్నింటిలో ఆయన్ని చేద వెయ్యనిచ్చినారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

చెంబు సంగతి నాకు చెప్పింది ఆయనే. వరలు దొర్లిస్తా మాటల్లో మాటగా, సార్ మొన్న మీరు తాగింది ఆ ముసలామె వంతు, రెండు చెంబులంటే ఆమెకు ఆ పూట వంట నీళ్ళు అన్నాడు. నాకు ముఖం వేడెక్కింది. వేడెక్కింది గానీ, బుద్ధి మాత్రం రాలేదు. అందుకే గదా బావి తవ్విస్తున్నాను అన్నాను.

తవ్వకం మొదలుపెట్టే రోజు అవ్వ వచ్చి ఒకటే అడిగింది. మనిషెత్తు దాటి దిగొద్దయ్యా, మా అత్త చెప్పిన మాట అన్నది. సరేలే అవ్వా అన్నాను. అప్పట్లో నేను సరేలే అంటే వినలేదని అర్థం.

మనిషెత్తు దిగేసరికి నీళ్ళు పడినాయి. చల్లగా, తియ్యగా. పాలెమంతా వచ్చి గుమిగూడింది. మేస్త్రి గోతిలోంచి పైకొచ్చి, చేతులు తుడుచుకుని నా దగ్గర నిలబడినాడు.

“సార్, ఇక్కడ ఆపుదాం. ఇంకా దిగితే కిందది పైకొస్తుంది.”

“ఎస్టిమేటులో ఇరవై అడుగులుంది మేస్త్రీ.”

“ఎస్టిమేటు రాసినాయన ఈ నీళ్ళు తాగడు గదా సార్.”

రాసింది నేనే. ఆఫీసులో కూర్చుని, మెట్ట ఊరి బావికి రాసినట్టే దీనికీ రాసిపెట్టినాను. ఆ మాట ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. నాకు చురుక్కుమంది. ఇరవై రెండేళ్ళ వయసులో మనకు ఏది చురుక్కుమంటే దానికి వ్యతిరేకంగా పోతాం. దించమన్నాను. ఆయన తలపాగా చుట్టుకుని దిగినాడు.

ఇరవై అడుగులకు నీళ్ళు బుసబుసా వచ్చినాయి. గిలక పెట్టించినాను, బొక్కెన కట్టించినాను. ఆ తర్వాత పది రోజులు ఆ పాలెంలో రోజూ పండగే. ఆడవాళ్ళు ఎన్ని కడవలు కావాలంటే అన్ని తోడుకున్నారు. పిల్లలకు తలంట్లు పోసినారు. సముద్రం నుంచి వచ్చిన మగవాళ్ళు బొక్కెనలు బొక్కెనలు గుమ్మరించుకున్నారు. వలలు కూడా మంచినీళ్ళతో కడిగినారు. మొదటి రెండు రోజులూ అవ్వ ఆ దరిదాపులకు రాలేదు. మూడో రోజు ఆమె కూడా కడవ తీసుకుని వచ్చింది. అది చూసి, గెలిచినాను అనుకున్నాను.

పదకొండో రోజు పాలెం నుంచి ఒకతను ఆరు మైళ్ళు నడిచి ఆఫీసుకొచ్చినాడు. సారూ, నీళ్ళు మారినాయి అన్నాడు. అంతే, తిట్టలేదు, అరవలేదు. సైకిలెక్కి పోయినాను. బొక్కెన పైకి తీసి నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. పరుగున దొరువు దగ్గరికి పోయినాను. చెలమలో నీళ్ళూ అంతే.

ఇప్పుడు మీకు రెండు ముక్కల్లో చెబుతాను, నాకు చెప్పినా నేను విననిది. సముద్రం ఒడ్డున ఇసుకలో వాన నీళ్ళు దిగి, అడుగునున్న ఉప్పు నీళ్ళ మీద పాల మీద మీగడలాగా తేలుతుంటాయి. పైపైన తేర్చుకుంటే ఏడాదంతా వస్తాయి. లోతుకు గుచ్చి బొక్కెనలతో తోడితే మీగడ అయిపోతుంది, అడుగుది పైకొస్తుంది. గరిటె, రెండు కడవలు, ఊరేదాకా కూర్చోవడం, చోటు మార్చడం, అన్నీ అందుకే. నా పుస్తకాల్లో నాలుగు పేజీల్లో ఉండాల్సిన సంగతి ఆ అవ్వ ఒక కొబ్బరి చిప్పలో పెట్టుకుంది. దాహం నాకూ ఉంది, వాళ్ళకూ ఉంది. దాన్ని తీర్చుకునేటప్పుడు రేపటి దాహాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం వాళ్ళకు తెలిసింది. నాకు తెలియలేదు.

ఇక ఆ పాలేనికి నీళ్ళెట్టా? ఉత్తరంగా ఒకటిన్నర మైలు దూరాన, మొగలి పొదల అవతల ఇంకో దొరువుంది. చెడ్డ కాలానికని దాన్ని ముట్టుకోకుండా దాచుకున్నారంట. దాన్ని తెరిచినారు. ఇంటికి ఒక్క కడవే, అదీ మండే ఇసుకలో నడిచిపోయి నడిచిరావాలి. అది కూడా మారిపోతే వానల దాకా తాగడానికి చుక్క లేదు, ఊరు వదిలిపోవాల్సిందే. ఆడవాళ్ళు కాళ్ళకు తాటాకులు కట్టుకుని వరసగా పోతుంటే నేను చూసినాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండును.

ఇంతలో బావి ప్రారంభోత్సవం రోజు దగ్గరకొచ్చింది. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. రాతి పలక చెక్కించడం కూడా అయిపోయింది. మా ఆఫీసు గుమాస్తా నశ్యం పీలుస్తా దీనికొక ఉపాయం చెప్పినాడు. ఊర్లోంచి రెండు పీపాల మంచినీళ్ళు బండి మీద తోలించి, ఆయన వచ్చే ముందు బావిలో నెమ్మదిగా పోసేస్తే సరి, ఆయన తాగేది ఒక గుక్క, పైపైన తియ్యగా ఉంటే చాలు అన్నాడు. తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చంట.

నేను ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళయినా ఈ రెండు మాటలు చెప్పడానికి నోరు రావడం లేదు, కానీ ఒప్పుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం. అంతకన్నా, అందరి ముందరా నవ్వులపాలవుతానని భయం.

ఆ రోజు పొద్దున్నే పీపాల బండి పాలెం చేరింది. గుమాస్తా, మేస్త్రి, నేను. ఇసుకలో చక్రాలు కూరుకుపోతుంటే ఎద్దులు నురగలు కక్కినాయి. బండి బావి దగ్గర ఆగే సమయానికే ఆడవాళ్ళు మొగలి పొదల వైపు నుంచి తిరిగొస్తున్నారు, మనిషికో కడవ నెత్తిన పెట్టుకుని. ముందర అవ్వ ఉంది. పీపా మూత దగ్గర కారుతున్న నీళ్ళను చూసి ఆగింది.

“ఈ నీళ్ళు ఎవరికయ్యా?”

గుమాస్తా గొంతు సవరించుకుని, బావికి అన్నాడు.

“బావికా?” అన్నది అవ్వ.

ఎగతాళి కాదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. గుమాస్తా మేస్త్రిని, తొందరగా కానీ, ఆయన వచ్చే వేళయింది అన్నాడు. మేస్త్రి పీపా మీద చెయ్యి వేసినాడు, మళ్ళీ తీసేసినాడు.

“ఇన్నేళ్ళుగా ఈ చేతుల్తో నీళ్ళు పైకి తీసినాను సార్. దాహంగా ఉన్నోళ్ళ ముందర గుంటలో పొయ్యలేను. కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యండి.”

నాకు ఆ మొదటి రోజు చెంబు గుర్తొచ్చింది. కాళ్ళ మీదుగా జారి ఇసుకలో ఇంకిపోయిన నీళ్ళు గుర్తొచ్చినాయి. ఆ రోజు తెలియక పారబోసినాను. ఈ రోజు తెలిసి, బండి మీద తోలుకొచ్చి మరీ పారబొయ్యబోతున్నాను. సిగ్గుతో చచ్చిపోయినాను.

“పీపా మూత తియ్యి మేస్త్రీ. అవ్వా, కడవలు తెమ్మను,” అన్నాను.

గుమాస్తా తల పట్టుకుని బండి నీడలో కూర్చున్నాడు. పంచిపెట్టింది అవ్వే. మొదట పది రోజుల బిడ్డ ఉన్న బాలింతరాలికి పోసింది. రెండోసారి ఒక తొట్టి తెప్పించి ఎద్దుల ముందర పెట్టించింది. గుమాస్తా ఉండబట్టలేక, మనుషులుండగా ఎద్దులకా అన్నాడు. ఆరు మైళ్ళు నీళ్ళు మోసినాయి, ఒక్క చుక్క నోట్లో పడకుండా అన్నది అవ్వ. ఆ తర్వాత ఇంటింటికీ. తోపులాట లేదు, నాకు నాకు అనడం లేదు. దాహంతో నాలుగు వారాలుగా నడిచిన మనుషులు అంత నిదానంగా నిలబడటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అవ్వ వంతు వచ్చేసరికి పీపా వంచాల్సొచ్చింది. ఆమెకు అర కడవ వచ్చింది.

ఆఫీసరు వచ్చినాడు. మనిషి పొడుగు, మాట కరుకు అని పేరు. నేను బొక్కెన తోడి, గ్లాసు నింపి, ఆయన చేతికి ఇవ్వకుండా పట్టుకుని నిలబడినాను. సార్, ఇవి ఉప్పు నీళ్ళు, మనిషెత్తులో ఆపమంటే నేను వినలేదు, వీళ్ళ చెలమలు కూడా నా వల్లే చెడిపోయినాయి అన్నాను. ఆయన నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. ఒక గుక్క తాగినాడు. ఉమ్మేస్తాడనుకున్నాను, మింగినాడు. తర్వాత నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నాకు చదువు చెప్పిన వాళ్ళను కూడా కలిపి కడిగెయ్యడానికి నోరు తెరిచినాడు.

అప్పుడు అవ్వ ముందుకొచ్చింది.

“అయ్యా, ఆ పిల్లోణ్ణి ఒక్కణ్ణే అనబాకండి. తవ్వింది ఆయన, తోడింది మేము. ఇట్టా తోడితే మారిపోతాయని నాకు తెలుసు, మా అత్త చెప్పిపోయింది. తెలిసీ మూడో రోజు నేనూ కడవ తెచ్చినాను. పుట్టినప్పట్నించి ఒక్కసారన్నా కడవలు లెక్క చూసుకోకుండా తలారా పోసుకోవాలని ఉండింది. పోసుకున్నాను.”

ఆమెను ఎవరూ అడగలేదు. ఆ నేరం మొత్తం నా నెత్తిన ఉంది, అక్కడే వదిలేసుంటే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అట్టా కాకుండా, ఊరందరి ముందరా తన వంతు తాను తీసుకుంది, కడవ తీసుకున్నంత మామూలుగా. నా సర్వీసులో పెద్ద పెద్ద వాళ్ళను చూసినాను. తన తప్పును అంత శుభ్రంగా చెప్పుకున్న మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

ఆఫీసరు గ్లాసు గట్టు మీద పెట్టి అవ్వనే అడిగినాడు, ఏం చేస్తే బాగుపడుతుందని. ఆమె మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి చెప్పినాడు, మళ్ళీ మనిషెత్తు దాకా ఇసుకతో పూడ్చి, గిలక తీసేసి, వానలు పడేదాకా ఎవరూ ముట్టుకోకుండా ఉండాలని. వస్తాయా అంటే, వస్తే వస్తాయి సార్ అన్నాడు. పూడ్చండి అని చెప్పి ఆఫీసరు పోయినాడు. వారానికల్లా నాకు మెమో వచ్చింది. న్యాయంగా వచ్చిన మెమో అది, దాచుకున్నాను.

పూడ్చడానికి కూలీలను పెట్టలేదు. మేస్త్రి, నేను, పాలెం మగవాళ్ళు తట్టలతో ఇసుక మోసినాము. కొత్త చెప్పులు ఆ ఇసుకలోనే తెగిపోయినాయి. రాతి పలకను కడవలు దించుకోవడానికి వేసుకున్నారు, పేర్లున్న వైపు కిందికి. తర్వాత వేసవంతా, ఆ పైన నాలుగు నెలలూ, ప్రతి ఆదివారం పాలేనికి పోయినాను. నా నీళ్ళు నేను సీసాలో పట్టుకుని పోయేవాణ్ణి. అవ్వ పుక్కిట్లో పోసుకుని చూసి తల అడ్డంగా ఊపేది. ఆడవాళ్ళు మొగలి పొదల దాకా నడుస్తానే ఉండినారు. ఒక్క కడవ రూలు ఒక్క ఇల్లు కూడా తప్పలేదు. అందుకే ఆ దొరువు నిలబడింది.

కార్తీకంలో వాయుగుండం పట్టి కుంభవృష్టి కురిసింది. దారులు తెగిపోయి నెల రోజులు అటువైపు పోలేకపోయినాను. ఆఫీసులో కూర్చుని కిటికీలోంచి వాన చూస్తా, ఇంకా కురవమని నాలో నేనే అనుకునేవాణ్ణి. గుమాస్తా నన్ను చూసి, ఓవర్సీరుకు పిచ్చి పట్టిందన్నాడు.

ఒకనాటి మధ్యాహ్నం పాలెం నుంచి కావడి వచ్చింది. నీళ్ళు మారినాయని చెప్పడానికి ఆ రోజు వచ్చినతనే. రెండు వైపులా రెండు కడవలు, మూతికి తడిగుడ్డ కట్టి. బురదలో ఆరు మైళ్ళు నడిచి వచ్చినాడు. జాగ్రత్తగా దించి, అవ్వ పంపించింది సారూ, నీళ్ళు తిరిగొచ్చినాయి, ఇది మీ ఇంటి వంతు అన్నాడు.

నాకు ఇల్లెక్కడుంది, అద్దె గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను గదా అన్నాను.

“ఒకటి మీకు, ఒకటి మేస్త్రికి. మీ ఇద్దర్నీ కలిపి ఒక ఇల్లు కింద లెక్క కట్టింది అవ్వ,” అన్నాడు.

గుమాస్తా గ్లాసు పట్టుకుని వచ్చినాడు. చుట్టం గాబట్టి నా కడవలోంచే పోసినాను. రెండో కడవను సైకిలు వెనక కట్టుకుని, తొక్కితే ఒలుకుతుందని మేస్త్రి ఇంటి దాకా నడిపించుకుంటా పోయినాను. ఆయన తలపాగా తీసి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ తర్వాతే గ్లాసు ఎత్తినాడు.

నా కడవ నాకు మూడు రోజులు వచ్చింది. కాళ్ళు మాత్రం ఆఫీసు బావి దగ్గర కడుక్కున్నాను.